మాట – నడత

పెద్ద సంస్థల ప్రధాన ద్వారం దాటగానే గోడపై అందమైన అక్షరాలలో కొన్ని మాటలు దర్శనమిస్తాయి. నిజాయితీ, పరస్పర గౌరవం, వినియోగదారుల శ్రేయస్సు అనేవి వాటిలో ముఖ్యమైనవి. సంస్థ తన విలువలను ఇలా ప్రకటించుకోవడం మంచిదే. అయితే అది దేనిని మెచ్చుకొంటుంది, దేనిని శిక్షిస్తుంది, దేనిని చూసీ చూడనట్లు వదలివేస్తుంది అన్నదే దాని అసలైన విలువల పట్టిక. ఉద్యోగులకు గోడమీది రాత కంటె పై అధికారి నడవడియే పెద్ద పాఠం.

అమెరికాలోని ఎన్రాన్ సంస్థ గౌరవం, నిజాయితీ, భావ వినిమయం, శ్రేష్ఠత అనే నాలుగింటిని తన విలువలుగా చాటుకొంది. 2000లో 64 పుటల నీతి నియమావళిని వెలువరించింది. కాని 1999లోనే దాని పాలక మండలి, ప్రధాన ఆర్థికాధికారి ఆ సంస్థతోనే సొంత వ్యాపారం నడుపుకోవడానికి వీలుగా ప్రవర్తనా నియమాలను పక్కన పెట్టింది. 2001 డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది. వేలాది ఉద్యోగులు కొలువులతో పాటు వృద్ధాప్యం కోసం దాచుకొన్న సొమ్మును కూడా పోగొట్టుకొన్నారు.

ఖాతాదారులకు మేలైనదే చేయాలని వెల్స్ ఫార్గో బ్యాంకు తన విలువల పత్రంలో రాసుకొంది. కాని ఒక్కొక్క ఖాతాదారు చేత ఎనిమిది రకాల సేవలు తీసుకొనేలా చేయాలన్నది అది పెట్టుకొన్న లక్ష్యం. ఆ ఒత్తిడికి తాళలేక సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండా వారి పేర ఖాతాలు తెరిచారు. 2016లో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగాలు కోల్పోయారు. లక్ష్యాలను విధించిన వారి కంటె ముందు, వాటిని మోసిన వారే వీధిన పడ్డారు.

హైదరాబాదుకు కూడా ఈ అనుభవం తప్పలేదు. పేరులోనే సత్యాన్ని నిలుపుకొన్న సత్యం కంప్యూటర్స్‌కు 2008 సెప్టెంబరులో ఉత్తమ సంస్థాగత పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం లభించింది. నాలుగు నెలలు తిరగకుండానే, 2009 జనవరి 7న, లెక్కలలో చూపిన నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని దాని చైర్మనే లేఖ ద్వారా అంగీకరించారు.

అంతమాత్రాన విలువల ప్రకటనలు వ్యర్థమని భావించరాదు. రాసిన మాట ఉన్నప్పుడే తప్పును వేలెత్తి చూపడానికి ఆధారం దొరుకుతుంది. అయితే వేలెత్తి చూపిన వారికి రక్షణ ఉండాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన సంస్థలు అక్రమాలను తెలియజేసే ఉద్యోగులకు తగిన మార్గం కల్పించాలని, వారిని వేధింపుల నుండి కాపాడాలని భారతదేశంలో 2013 నాటి కంపెనీల చట్టం నిర్దేశించింది. చట్టం దారి చూపగలదే కాని ధైర్యం పోయలేదు. చేదు నిజం చెప్పిన చిరుద్యోగి మాటను ఓపికతో ఆలకించే అధికారి ఉన్నచోట గోడమీది అక్షరాలకు ప్రాణం వస్తుంది. లేనిచోట అవి గోడకు పూసిన రంగుతో సమానం.