బతికొచ్చిన వలసజీవికి భరోసా ఏది?

గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఏళ్ల తరబడి వలస కుటుంబాలు అడగ్గా అడగ్గా వచ్చిన ఫలితమది. స్వాగతించాల్సిందే. మరి పాతికేళ్లు ఎండలో ఇనుప చువ్వలు మోసి, నడుం పడిపోయి, ప్రాణాలతో తిరిగొచ్చినవాడి సంగతేమిటి? అతని ముసలితనానికంటూ పైసా కేటాయించినవారు లేరు.

గల్ఫ్ దేశాలు కూలికి పౌరసత్వం ఇవ్వవు. వెళ్లినవాడు ఏదో ఒకనాడు మూటాముల్లె సర్దుకుని రావలసిందే. అమెరికా నుంచి హైదరాబాద్ చేరుకునే విశ్రాంత ఉద్యోగికీ చిక్కులున్నాయి, అక్కడి మెడికేర్ ఇక్కడ చెల్లదు. అయినా పదేళ్లు పన్ను కట్టి ఉంటే వయసొచ్చాక సోషల్ సెక్యూరిటీ పింఛను అందుతుంది. దుబాయి కార్మికుడికి దక్కేది కంపెనీ చివర్లో ఇచ్చే గ్రాట్యుటీ ఒక్కటే.

దాని లెక్క చూడండి. యూఏఈ చట్టం ప్రకారం తొలి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపై ఏడాదికి 30 రోజుల జీతం ఇవ్వాలి. అదీ మూలవేతనం మీదే. ఒకాయన జీతం 1,200 దిర్హములు, అందులో మూలవేతనం 600 అనుకుందాం. ఒకే కంపెనీలో ఇరవయ్యేళ్లు చేసినా చేతికొచ్చేది 11,100 దిర్హములు, అంటే మన లెక్కలో సుమారు రెండున్నర లక్షలు. మిగతా సగం జీతాన్ని అలవెన్సుల కింద చూపించడం వల్ల అంత మొత్తమూ కోల్పోయాడు. కంపెనీ మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఖల్లివెల్లి అయినవాడికి, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా ఉండిపోయినవాడికి, అదీ దక్కదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఇంకో విచిత్రం కనిపిస్తుంది. ఇంటి దగ్గర బీడీలు చుట్టిన భార్యకు పీఎఫ్ నంబరు ఉన్నందున నెలకు 2,016 రూపాయల పింఛను వస్తుంది. ఆ ఇంటికి స్లాబు వేయించిన భర్త యాభై ఏళ్లకు ఒళ్లు గుల్ల చేసుకుని వస్తే, వృద్ధాప్య పింఛనుకు 57 నిండేదాకా ఆగాలి. అటల్ పెన్షన్‌లో చేరదామంటే 40 ఏళ్లు దాటినవారిని తీసుకోరు. కడప, కోనసీమల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లకూ ఇలాంటి వయసు అడ్డంకే ఎదురవుతుంది.

కేంద్రం 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన తెచ్చింది. కార్మికుడు కొంత, ప్రభుత్వం కొంత వేసి పింఛను, పునరావాస పొదుపు కూడబెట్టే మంచి ఆలోచన. చేరినవారు మరీ తక్కువని 2017లో మూసేశారు. లేబర్ క్యాంపులో ఉన్నవాడి దగ్గరికి పథకం వెళ్లకపోతే, అతనెలా చేరతాడు? కేరళ 2008లోనే చట్టం చేసి ప్రవాసీ సంక్షేమ బోర్డు పెట్టింది. కనీసం అయిదేళ్లు చందా కట్టినవారికి 60 నిండాక అక్కడ పింఛను ఇస్తున్నారు. తిరిగొచ్చినవారూ అందులో చేరవచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ బాట పట్టడానికి అడ్డేమీ లేదు. వలస అనుమతి కావాలంటే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కట్టించుకుని, ప్రమాదంలో పోతే 10 లక్షలిచ్చే బీమా అది. ఆ పాలసీ తీసుకునేటప్పుడే పింఛను ఖాతా కూడా తెరిపించవచ్చు. ఇప్పటికే వచ్చేసి, చందా కట్టే స్తోమత లేనివారి తరఫున తొలి అయిదేళ్ల వాటా రాష్ట్రమే భరించాలి. వాళ్లు పంపిన డబ్బుతో ఇన్నేళ్లూ నడిచింది ఈ ఊళ్లే కదా.