పూడ్చిన కుంటకు బదులు కుంట ఏది?

కోయంబత్తూరు నగరము ఉత్తరముగా పెరుగుచు మన కారమడై పొలిమేరకు వచ్చి చేరుచున్నది. మేట్టుపాళయము రాచబాటకు ఇరుప్రక్కల ఇండ్లస్థలములు, గిడ్డంగులు, కల్యాణమండపములు వెలయుచున్నవి. ఇందులకు మేము విచారించువారము కాము. వర్తకముచే బ్రదుకు మాబోంట్లకు ఊరు పెరుగుట ఇష్టమే. కాని ఈ పెరుగుదలకు మొట్టమొదట బలియగుచున్నది పల్లపు నేలలోని కుంట. ఏడాదిలో పెక్కు నెలలు ఎండియుండు కుంటను జూచి, ఇది ఊరక పడియున్న నేల యనుట సులభము. మన్ను తోలించి చదును చేసిన నాలుగేండ్లకు అచట కుంట యుండెనని చెప్పువాడు దొరకడు. ఐప్పసి మాసపు వాన కురిసిన రాత్రి మాత్రము నీరు తన పాతదారిని వెదకుకొనుచు ఇంటి గడపలోనికి వచ్చును.

ఈ సందర్భమున ఒక వాదము వినవచ్చుచున్నది. నగరమున ఒక పల్లపు నేలను పూడ్చక తప్పనిచో, దానికి బదులుగా పొరుగూరి చెరువు నొకదానిని బాగుచేయించిన సరిపోవును గదా. ఇరుగుపొరుగు పట్టణములు ఈ లెక్కను కలసి చూచుకొన్నచో అభివృద్ధియు ఆగదు, నీరును పోదు, అని. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అమెరికా దేశమున 1972 నాటి జలశుద్ధి చట్టము క్రింద చిత్తడినేలను పూడ్పదలచినవాడు సైనిక ఇంజనీర్ల శాఖవారి అనుమతి పొందవలెను. తప్పింపదగిన నష్టమును తప్పించి, తగ్గింపదగినదానిని తగ్గించి, మిగిలినదానికి వేరొకచోట చిత్తడినేలను పునరుద్ధరించి నష్టపూర్తి చేయవలెను. ఇందుకై అచట బ్యాంకులే వెలసినవి. ఒకడు ముందుగా నేలను బాగుచేసి తన పేర జమ కట్టించుకొనును. పూడ్చువాడు ఆ జమను సొమ్మిచ్చి కొనును. చిట్టాఆవర్జాలతో పొద్దుపుచ్చు మనకు ఈ జమాఖర్చు ఇట్టే బోధపడును. అయితే 2001లో ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి విచారించి, కాగితముమీద కుదిరిన లెక్క నేలమీద కుదురుటలేదనియు, పోయినంత చిత్తడి తిరిగి రాలేదనియు తేల్చినది. 2008లో నియమములను బిగించి, బదులు నేల సాధ్యమైనంతవరకు అదే నదీపరివాహమునందుండవలెనని విధించిరి. ఈ చివరి మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

మన దేశము 1982లోనే రామ్సర్ ఒడంబడికలో చేరినది. 2017 నాటి చిత్తడినేలల నియమములు, ప్రకటింపబడిన చిత్తడినేలలను వేరు పనులకు మార్చుటను నిషేధించినవి. కాని వాని నిర్వచనమునందే ఒక కన్నము గలదు. త్రాగునీటికిని సేద్యమునకును ప్రత్యేకముగా మనుష్యులు కట్టుకొన్న జలాశయములు అందు చేరవు! దక్షిణాదిని మన పూర్వులు కట్టక, దానంతట అదే వెలసిన చెరువు ఎన్ని యున్నవి? ఊరి చెరువులను, ఉమ్మడి నేలలను పరుల పాలు చేయరాదని 2001లోను 2011లోను సుప్రీంకోర్టువారు చెప్పిన తీర్పులే నేడు మనకు అండ. పట్టా భూమి నడుమనున్న చిన్న కుంటకు ఆ అండయు అంతంతమాత్రమే.

పొరుగు పట్టణములు కలసి చూడనిచో ఏమగునో తెలిసికొనుటకు అమెరికా పోనక్కరలేదు. నొయ్యలు ఏఱు చాలును. వెళ్లియంగిరి కొండలలో పుట్టిన ఈ యేటిపై పూర్వులు ఆనకట్టలు కట్టి, కాలువలు త్రవ్వి, ఒక చెరువు మిగులు మరొక చెరువునకు చేరునట్లు గొలుసు కూర్చిరి. కోయంబత్తూరు ఆ గొలుసులోనికి తన మురుగును వదలెను. దిగువనున్న తిరుప్పూరు తన అద్దకపు నీటిని వదలెను. ఇంకను దిగువ, సేద్యమునకని 1992లో పూర్తిచేసిన ఒరత్తుపాళయము జలాశయమున ఈ ఉప్పునీరు నిలిచి, ప్రక్క బావులను, పొలములను పాడుచేసినది. నీటికొఱకు కట్టిన ఆనకట్టలో నీరు నిలుపవద్దని రైతులే మొరపెట్టుకొనిన వింత అచట జరిగినది. తుదకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టువారు అద్దకపు కర్మాగారములను మూయింప నాజ్ఞాపించిరి. అద్దకపు పనివారును, వారికి నూలమ్మిన వర్తకులును ఒక్కనాట వీథిన పడిరి. అందు మనవారును లేకపోలేదు. మూడు ఊళ్లు ముందే ఒకచోట కూర్చున్నచో ఇంత చేటు వాటిల్లెడిది కాదని మా నిశ్చితాభిప్రాయము.

అదే తిరుప్పూరున నంజరాయన్ చెరువు గలదు. సేద్యమునకై ఏర్పడిన చెరువే అది. అట్టిది పక్షుల ఆశ్రయమై, 2024 ఆగస్టులో రామ్సర్ పట్టికకెక్కినది. మనసుంటే కర్మాగారముల ఊరి ప్రక్కనను చెరువు నిలుచును. కాని మనసు అనగా సిమెంటు కాదు. కట్టకు రాతిగోడ తొడిగి, నడకదారి పఱచి, రంగుదీపములు పెట్టిన చెరువు సాయంకాలపు షికారుకు బాగుండును. కొంగ దిగుటకు మాత్రము లోతులేని ఒండ్రు అంచు కావలెను. జమ్ము, తుంగ పెరుగు చోటు కావలెను. కోయంబత్తూరున వాలాంకుళము నడుమగా రైలుమార్గము పోవుచున్నది. కొన్ని చెరువులకు ఇటీవల అలంకారములు జరిగినవి. పూడ్చిన చిత్తడికి బదులుగా మనకు ఇట్టి ఉద్యానవనము నొకదానిని చూపుదురేమో యని మా భయము.

కలసి పనిచేయుట అసాధ్యమని ఎవరైన అన్నచో అత్తిక్కడవు–అవినాశి పథకమును చూపుదుము. ఎన్నో యేండ్ల ఆందోళనకు ఫలముగా 2024 ఆగస్టు 17వ తేదీన ప్రారంభమైన ఆ పథకమున, కాళింగరాయన్ ఆనకట్ట దిగువ భవాని మిగులునీటినుండి ఏటికి ఒకటిన్నర టి.ఎం.సి.ని ఎత్తిపోసి, కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు జిల్లాలలోని 1,045 చెరువులకు కుంటలకు గొట్టముల ద్వారా పంచవలెనని ఏర్పాటు. మూడు జిల్లాలు ఒక నీటిని పంచుకొనగలిగినపుడు, ఆ నీరు నిలుచు చోటును గూర్చి ఏకము కాలేవా? విద్యుచ్ఛక్తి ఖర్చుపెట్టి నీటిని ఎగువకు తెచ్చుచు, అది నిలువవలసిన కుంటలను మన్నుతో నింపుట ఏ వ్యాపారి ఒప్పుకొను లెక్క?

ఇక మన ఊరి మాట. కారమడై అను పేరున మడై యనగా తమిళమున తూము, నీటివాకిలి. మన ఊరికి ఉత్తరపు వాలు భవానికి దిగును. మనకు దక్షిణమున కురుడిమలై ప్రాంతమున పుట్టు కౌశికానది యన్ననో తూర్పుగా పోయి తిరుప్పూరు చేరువను నొయ్యలులో కలయును. అనగా మనము రెండు పరివాహముల నడుమనున్నాము. కౌశిక వాలులోని కుంటను పూడ్చి, భవాని వాలులో చెరువును బాగుచేసితిమన్నచో లెక్కపుస్తకమున సరిపోవును గాని, కౌశిక క్రింది బావులలో ఒక్క బిందెడు నీరు పెరుగదు. కావున నగరముతో పొత్తునకు మేము సిద్ధమే గాని, బదులు అదే వాగుమీద నుండవలెను. అదియును ముందు బాగుపడి, ఒక వానకారున నీరు నిలిచినట్లు కంట చూచిన తరువాతనే అవతల మన్ను పడవలెను. మా అనుభవమున, సరకు ముందిచ్చి పైకము తరువాత అడిగిన వానికి తిరుగుడే మిగులును. ఇక సొమ్ము సంగతి: చెరువు మరమ్మతు ఒక్క యేటితో తీరునది కాదు. పూడిక తీయుట, వాగు దారి కాపాడుట, తుమ్మ కొట్టించుట ఏటేట ఉండును. అందుచే ఆ నిధి నగర కార్పొరేషను పెట్టెలోగాక, కోయంబత్తూరు, తిరుప్పూరు, మేట్టుపాళయము, కారమడై, నడుమనున్న పంచాయతీలు సమముగా కూర్చుండు ఒక ఉమ్మడి మండలి చేతిలో నుండవలెను. చిన్న ఊరికి ఓటు లేని పొత్తు పొత్తు కాదు.

ఇచట మనవారితోను ఒక మాట చెప్పక తప్పదు. మన సంఘీయులలో స్థలముల వ్యాపారము చేయువారు గలరు. నల్లరేగడిని నమ్ముకొని ఈ సీమకు వచ్చి, బావులు త్రవ్వి పంటలు తీసిన వారి సంతతివారము. మదురలో తిరుమల నాయకుడు వండియూరు తెప్పకొలను త్రవ్వించెనని సభలలో గొప్పగా చెప్పుకొందుము. ఆ గొప్ప చెప్పుకొనుచు లేఅవుటు పటములో కుంటను "ఖాళీ జాగా" యని గుర్తించుట తగునా? అట్టి స్థలము కొన్నవాడు రేపు వరదనీటిలో నిలిచి మన పేరే తలచును.

వచ్చు మాసపు సంఘ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుచున్నాము. ప్రతి ఊరి సభ్యులును తమ ప్రాంతపు కుంటల పట్టిక తీసికొని రావలెను. పేరు, సర్వే నంబరు, నీరు వచ్చు వాగు, అలుగు పారు దిక్కు, నేడు పూడినదా నిలిచినదా, ఇంతయే చాలును. మన ఇండ్లలో పెద్దలు పిలుచు తెలుగు పేరును, రికార్డులలోని తమిళ పేరును రెండును వ్రాయుడు. ఒకే కుంట రెండుగా లెక్కకు రాకుండును. ఇది తెలుగువారి కోరికగా గాక ఊరి కోరికగా నుండవలెను గనుక, పొరుగు తమిళ సోదరులను వెంటబెట్టుకొని రండు; మనవిని తమిళముననే వ్రాసి, వారి చేవ్రాళ్లను మన చేవ్రాళ్లను కలిపి, పురపాలక సంఘమునకును కలెక్టరుగారికిని అందజేయుదము. పట్టికలు చేరిన ఊళ్ల పేర్లు వారము వారము ఈ పత్రికయందు ప్రకటింపబడును.