‘లైట్స్ ఔట్’ సీరియల్: రింగు దిగిన బాక్సర్, వాపస్ పోయిన గల్ఫోడు

ఈసారి పోస్టు వీసా గురించో, టికెట్ రేట్ల గురించో కాదు. ఒక సీరియల్ గురించి. కొంచెం పొడుగుంటది. శుక్రవారం బట్టలు ఉతుక్కున్నాక తీరిగ్గా చదువుకోండి.

సీరియల్ పేరు ‘లైట్స్ ఔట్’. అమెరికాలో ఎఫ్‌ఎక్స్ చానెల్‌లో 2011 జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ఖతమైంది. మొత్తం 13 ఎపిసోడ్లే. చూసేటోళ్లు తక్కువున్నరని రెండో సీజన్ తియ్యలేదు. తెలుగులో లేదు. మా రూములో ఇంగ్లీషు వచ్చిన తమ్ముడొకడు మధ్యమధ్యల ఆపి చెప్తుంటే రాత్రికొకటి చొప్పున చూసినం. మొదటి రెండు ఎపిసోడ్లు గుద్దులాట కోసం చూసినం. ఆ తర్వాత గుద్దులాట వచ్చినప్పుడల్లా ‘ఇది జరుపు, ఇంటి సీను పెట్టు’ అన్నం.

కథ ఇది. పాట్రిక్ లియరీ అని ఒకప్పటి హెవీవెయిట్ చాంపియన్. అందరూ ‘లైట్స్’ అని పిలుస్తరు. ఆ వేషం హోల్ట్ మెక్‌కలనీ వేసిండు. ఐదేండ్ల కింద ఒక ఫైటు ఓడిపోయి, పెండ్లాం ఇక చాలు అంటే బాక్సింగ్ వదిలేసిండు. పెద్ద బంగళా, ముగ్గురు ఆడపిల్లలు, పెద్ద బడి, పెద్ద ఫీజులు. పెండ్లాం డాక్టరు చదువు చదువుతున్నది. పైసల వ్యవహారమంతా తమ్ముడి చేతుల పెట్టిండు. నాయిన నడిపే బాక్సింగ్ జిమ్ముకు కూడా ఈయన పైసలే. కథ మొదలయ్యేసరికి పైసల్లేవు. బయట మాత్రం ఎవరికీ ఆ సంగతి తెల్వదు. బజారుకు పోతే జనం ఇంకా ఫొటోలు దిగుతరు. అదే టైములో డాక్టరు చెప్తడు: తలకు తగిలిన దెబ్బలకు మెదడు దెబ్బతింటున్నది, మతిమరుపు మొదలైతది అని. ఆ మాట ఇంట్ల చెప్పడు.

గల్ఫ్ నుంచి పూర్తిగా వాపస్ పోయిన మనిషిని మీ ఊర్ల ఒక్కణ్ని తలుచుకోండి. స్లాబు ఇల్లు ఉంటది, ముందర గ్రిల్లు గేటు ఉంటది. లోపల మిత్తి లెక్కలు ఉంటయి. ఎవరింట్ల పెండ్లయినా ‘నువ్వు బహ్రెయిన్ పోయొచ్చినోడివి గదా’ అని కట్నం చదివింపుల దగ్గర ఆయన పేరు ముందు పిలుస్తరు. ఇచ్చుకోలేక ఇస్తడు. అట్లాంటి మనుషులు మనకు ఊరికి ఇద్దరు ముగ్గురు తెలుసు. అమెరికా బాక్సర్ కథను ఎవరో మన నిజామాబాద్, జగిత్యాల ఊర్లు తిరిగి రాసినట్టే అనిపించింది మాకు.

మన సినిమాల్లో బాక్సర్లు లేరా అంటే ఉన్నరు. 2003ల ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ వచ్చింది. అండ్ల ప్రకాష్ రాజ్ వేసిన తండ్రి కిక్‌బాక్సింగ్ పెద్దమనిషి, పెండ్లాన్ని కొడుకును వదిలిపెట్టి పోయినోడు. 2017ల ‘గురు’ వచ్చింది. వెంకటేష్ వేసిన కోచ్ ఒకప్పుడు దెబ్బతిన్న బాక్సరే, వైజాగ్‌ల ఒక కూరగాయలమ్మే పిల్లను తయారుచేస్తడు. 2022ల ‘గని’. అండ్ల తండ్రి బాక్సర్ మీద మచ్చ పడితే కొడుకు దాన్ని తుడుస్తడు. అన్నీ చూసినం, ‘గురు’ అయితే మూడుసార్లు చూసినం. కాని మూడింట్ల ఒకటే తరీఖ. రింగు దిగినోడు ఉంటే కోచ్ అయితడు, లేకుంటే ఎవరికో తండ్రి అయితడు. ఆయన ఓటమిని వేరే ఎవరో గెలిచి తీరుస్తరు. గంట కొడతరు, చెయ్యి పైకెత్తుతరు, సినిమా అయిపోతది. పొద్దున లేచినంక ఆ ఇంట్ల పాల ప్యాకెట్టుకు పైసలెక్కడివి అని ఎవరూ చూపెట్టరు. పా. రంజిత్ తీసిన ‘సార్పట్ట’ ఒక్కటి కొంత దూరం పోయింది. అండ్ల ఆర్య వేసిన కబిలన్ ఓడి, తాగి, చెడి, తల్లి పెండ్లాం ముందర తలెత్తలేకుంట అయితడు. ఆ అరగంట కోసమే ఆ సినిమా అంటే మాకిష్టం. కాని చివరికి అది కూడా రింగులకే పోయి గెలిచింది.

‘లైట్స్ ఔట్’ ఎక్కడ వేరంటే, చాంపియన్‌కు పైసలు అవసరమైతే ఏం చేస్తడో చూపెట్టింది. మొదటి ఎపిసోడ్‌లనే ఒకడు ఆయనకు పని చెప్తడు: ఒక పండ్ల డాక్టరు బాకీ ఉన్నడు, పోయి వసూలు చెయ్యి. పోతడు. ఆ డాక్టరు చెయ్యి విరగ్గొడతడు. రింగుల వెలుతురు కింద చప్పట్లు తెచ్చిన చేతులే ఇప్పుడు వేరే ఎవడి బాకీ కోసమో పనిచేస్తయి. మా తమ్ముడు ఫోన్ ఆపి ‘ఇగ చూసినారా’ అన్నడు. రూములో ఎవ్వరూ మాట్లాడలే.

ఎందుకంటే మనకు తెలుసు. వాపస్ పోయినోడికి ఊర్ల అమ్ముకోవడానికి ఏముంటది? చేతిపని ఉంటే ఉంటది, కాని ఇక్కడి స్ప్రే పెయింటింగ్ పనికి, గ్యారేజీ డెంటింగ్ పనికి ఊర్ల ఇక్కడి కూలి రాదు. మిగిలేది ఒక్కటే. ‘గల్ఫ్ పోయొచ్చిన మనిషి’ అన్న పేరు. ఆ పేరు చూసే ఏజెంటు వస్తడు. ‘అన్నా, మీ మాట అంటే పోరగాండ్లు నమ్ముతరు, మనిషికి ఇంత ఇస్త’ అంటడు. మొదటి ఇద్దరు మంచి కంపెనీకే పోతరు. మూడోవాడు పోయినంక జీతం సగమే, పని వేరే. ఆ పోరని తల్లి ఈయన గడప ముందట వచ్చి కూసుంటది. ఇట్ల సబ్ ఏజెంట్లయిన మంచి మనుషులు మనకు తెలుసు. పుట్టుకతోటి మోసగాండ్లు కారు వాళ్లు. బాకీ అయిన చాంపియన్లు. వాళ్లను మాఫ్ చెయ్యమని మేము అంటలేం. లైసెన్సు లేకుంట వీసాకు పైసలు తీసుకునుడు నేరమే. మనలో ఎవరికన్నా రేపు ఆ మాట వస్తే, ఆ పండ్ల డాక్టరు చెయ్యి యాదికి రావాలె.

ఇగ తమ్ముడి సంగతి. సీరియల్ల తమ్ముడు జానీ పైసలు ముంచిండు. మా రూములో సగం మంది వానిని తిట్టిండ్రు. మిగతా సగం ఊకున్నరు, ఎందుకంటే వాళ్ల భూమి తమ్ముడి పేరు మీదనే ఉన్నది. మాకు నచ్చిందేంటంటే జానీని విలన్ చెయ్యలేదు. అన్న మీద ప్రేమ ఉన్నది, అన్న పేరు మీద బతుకుడు అలవాటున్నది, లెక్క చెప్పుడు మాత్రం రాదు. అన్నకు లెక్క అడుగుడు రాదు. అడిగితే తమ్ముడు బాధపడతడేమో అని ఊకుంటడు. మన ఇండ్లల్ల కూడా ద్రోహం కన్నా ఈ మొహమాటమే ఎక్కువ ముంచింది. నెలకు ఎంత పంపినమో మనకు తెలుసు, రసీదులు ఫోన్లనే ఉన్నయి. అక్కడ దేనికెంత పోయిందో రాసిన కాగితం ఎంతమంది దగ్గరున్నది?

ఒక్క విషయంల సీరియల్ మనకు దూరం. లియరీ దగ్గర అమ్ముకోవడానికి బంగళా ఉన్నది, లాయరున్నడు, చివరికి పాత ప్రత్యర్థితోటి మళ్లా ఫైటుకు పెద్ద మొత్తం పలికే మార్కెటున్నది. మనకు రెండో ఫైటు అంటే అదే జీతం. ఒక్కోసారి ఇంకా తక్కువ.

రెండో ఫైటు అన్న మాట ఊరికే అంటలేం. బాక్సర్లు ఎందుకు మళ్లా రింగు ఎక్కుతరో నిజం కథలు చూసినా తెలుస్తది. జో లూయిస్ అని పెద్ద చాంపియన్. రిటైరై కూడా ఇన్‌కమ్ టాక్సు బాకీ తీర్చలేక వాపస్ వచ్చిండు. 1951ల, 37 ఏండ్ల వయసుల, రాకీ మార్సియానో చేతిల నాకౌట్ అయిండు. తర్వాత లాస్ వేగాస్‌ల ఒక కాసినో హోటల్ల వచ్చినోళ్లకు నమస్తే చెప్పే పని చేసిండు. మహమ్మద్ అలీ 1980ల 38 ఏండ్లకు లారీ హోమ్స్ ముందట నిలబడ్డడు. పదో రౌండ్ అయినంక ఆయన మనిషి ఏంజెలో డండీనే ఆపించిండు. అయినా మరుసటేడు ఇంకొక ఫైటు చేసిండు, అదీ ఓడిండు. 1984ల పార్కిన్సన్స్ జబ్బు అని బయటపడ్డది. మన దేశంల కౌర్ సింగ్ ఉన్నడు. పంజాబ్ రైతుబిడ్డ, ఫౌజీ. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిండు. అంతకు ముందే 1980ల అలీ ఢిల్లీకి వస్తే ఆయనతోటి రింగుల నిలబడ్డడు. పద్మశ్రీ ఇచ్చిండ్రు. ముసలితనంల వైద్యానికి అప్పు చెయ్యవలసి వచ్చింది. 2023ల చనిపోయిండు.

మనలో కూడా ఇది రెండో, మూడో ట్రిప్పు అయినోళ్లు మస్తుగున్నరు. ‘ఖతం, ఇగ రాను’ అని దండం పెట్టి పోయి, రెండేండ్లకు మళ్లా అదే సల్మాబాద్ గల్లీల తేలినోళ్లు. బిడ్డ పెండ్లి అంటరు, బోరు ఫెయిలైంది అంటరు. కారణం అబద్ధం కాదు. కాని 28 ఏండ్లప్పుడు మోసిన బరువును 51 ఏండ్లకు నడుము మొయ్యదు. షుగర్ గోళీలు పరుపు కింద దాచుకుంటున్నరు, కంపెనీకి తెలిస్తే పంపిస్తదని. ఇంటికి ఫోన్ చేస్తే ‘బాగున్న’ అంటున్నరు. లియరీ ఇంట్ల అయితే పెండ్లామే వైద్యం చదివింది, ఎదురుగనే ఉన్నది. అయినా దాచిండు. మన పెండ్లాలు మూడువేల కిలోమీటర్ల అవతల ఉన్నరు, దాచుడు ఇంకా అల్కగ ఉన్నది.

రూములో పెద్ద లొల్లి అయింది ఇక్కడనే. ఒకరిద్దరు అన్నరు: ‘ఆమె వల్లనే చెడ్డడు. ఆట ఆపకుంటే పైసలుండు.’ మేము ఒప్పుకోం. ఆమె ఆపమన్నది దెబ్బలను. ఖర్చు తగ్గించుకుందాం, చిన్న ఇంటికి పోదాం అన్న మాట అనవలసింది ఆయన. పైసలు అయిపోయినయి అని చెప్తే ఆమె ఏమనేదో ఆయన అడిగి చూడనేలేదు. మనం కూడా ఇంటోళ్లకు స్లాబు ఫొటో చూపెడతం, జీతం స్లిప్పు చూపెట్టం. చూపెడితే వాళ్లు ఒక అంతస్తుతోనే ఆగేటోళ్లేమో. ‘ఊర్ల ఇజ్జత్ పోతది’ అని మనకు మనమే అనుకుంటం, వాళ్ల మీద పెడతం.

వాపస్ పోవుడు అంటే ఓడిపోవుడే అన్నట్టు మాట్లాడుకుంటం గదా మనం, అది తప్పు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ పేరు అందరికీ తెలుసు. 2022ల ఇస్తాంబుల్‌ల, 2023ల ఢిల్లీల ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె నాయిన మనలాంటోడే. పదిహేనేండ్ల దాకా సౌదీల సేల్స్ పని చేసిండు. బిడ్డల చదువు, ఆట చూసుకోవడానికి ఊరికి వాపస్ వచ్చిండు. ఆ బిడ్డకు మొదట ఆట నేర్పింది ఆయననే. టీవీల ఆమె చెయ్యెత్తినప్పుడు మేము ఈల వేసినం, కాని ఆమె నాయిన వాపస్ టికెట్ తీసుకున్న రోజు గురించే ఎక్కువ మాట్లాడుకున్నం. సీరియల్ తీస్తే ఆ రోజు మీద తియ్యాలె. జీతం ఆగిన మొదటి నెల ఆ ఇంట్ల ఎట్ల గడిచి ఉంటదో, చుట్టాలు ఏమని ఉంటరో. అందరి బిడ్డలూ ప్రపంచ చాంపియన్లు కారు, మాకు తెలుసు. కాని ఆయన చేతిల పనితోటి వాపస్ పోయిండు. లియరీ దగ్గర లేనిది అదే. ఆట ఆపిండు గాని, పొద్దున లేచి ఏం చెయ్యాలె అన్నదానికి ఆయన దగ్గర జవాబు లేదు.

ఇగ పైసల మాట. ఇక్కడ పదేండ్లు చేస్తే ఎంత వస్తదో చాలామంది లెక్క వేసుకోలేదు. బహ్రెయిన్ చట్టం ప్రకారం మొదటి మూడేండ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. 120 దీనార్ల జీతమోడికి పదేండ్లకు ఎనిమిదిన్నర నెలలు, అంటే 1,020 దీనార్లు. మన పైసల్ల రెండు లక్షల పైచిలుకు. ఊర్ల ఒక పెండ్లి భోజనాల ఖర్చు. 2024 మార్చి నుంచి కంపెనీ ఈ పైసలను నెలనెలా ఎస్‌ఐఓకు కట్టాలె, మొదటి మూడేండ్ల లోపు ఉన్నోళ్లకు జీతంల 4.2 శాతం, దాటినోళ్లకు 8.4 శాతం. దానికి ముందరి ఏండ్ల పైసలు మాత్రం కంపెనీయే ఇవ్వాలె. మనది రెండు చోట్ల ఉన్నది అన్నమాట. పోయేటప్పుడు ఒకటి తీసుకొని రెండోది మరిచిపోవద్దు. టికెట్ చేతికొచ్చినంక ఎయిర్‌పోర్టు దారిల అడిగే లెక్క కాదిది.

వచ్చే శుక్రవారం నాలుగు తర్వాత మా రూములో కూసుంటున్నం. సీపీఆర్ కార్డు, ఉంటే పాత కాంట్రాక్టు, జీతం స్లిప్పులు తెచ్చుకోండి. ఒక్కొక్కరిది కాగితం మీద వేద్దాం. సీరియల్ చూస్తమన్నోళ్లకు చివరి రెండు ఎపిసోడ్లు మళ్లా పెడతం, తమ్ముడు ఆపి చెప్తనన్నడు. చాయ్ మాది, బిస్కెట్లు మీవి.