విషమునకు విషమే విరుగుడా?



బెంగుళూరున ఉద్యోగములు చేయుచున్న మన యువకులు సెలవులకు ఇల్లు చేరినప్పుడు, తండ్రి బీడీ మాన్పుటకు ఎలక్ట్రానిక్ సిగరెట్టు అను సాధనము కలదని తల్లులతో చెప్పుచున్నారు. అందలి సత్యమెంతయో మనము విచారింపవలసియున్నది. వానలు తప్పి వేరుసెనగ యెండిన యేటను గూడ బీడీకట్ట తప్పని యిండ్లు మన అనంతపురము సీమలో పెక్కులు గలవు. రాత్రి దగ్గుచు లేచువాడు పురుషుడు. లేచి నీళ్లిచ్చి వీపు నిమురుచు కూర్చుండునది స్త్రీ.

ఆ సాధనములో పొగాకు కాలదు. బ్యాటరీచే వేడెక్కిన తీగ, నికొటిన్ కలిసిన ద్రవమును ఆవిరిగా మార్చును. వ్యసనమును కలిగించునది నికొటిన్. ఊపిరితిత్తులను, గుండెను చెరచు తారు, విషవాయువులు ముఖ్యముగా ఆకు కాలుటవలన పుట్టునవి. కావున వ్యసనమునకు దాని మేత నిచ్చుచు, పొగను మాత్రము మాన్పవచ్చునని కొందరి తలంపు.

ఇంగ్లండులో 886 మంది సిగరెట్టు త్రాగువారిని రెండు తెగలుగా చేసి, ఒక తెగకు ఈ సాధనమును, రెండవ తెగకు నికొటిన్ పట్టీలు, నమలు బిళ్లలు మున్నగువానిని ఇచ్చి పరీక్షించిరి. ఫలితము 2019లో వెలువడెను. ఏడాది గడచునప్పటికి మొదటి తెగలో నూటికి 18 మందియు, రెండవ తెగలో నూటికి సుమారు 10 మందియు సిగరెట్టు మానియుండిరి. లాభము కలదనుట నిజమే. కాని మొదటి తెగలో మానినవారిలో నూటికి 80 మంది యా సాధనమును విడువక వాడుచునే యుండిరి. మరియొక సంగతి ముఖ్యము: రెండు తెగలవారికిని కనీసము నాలుగు వారములు, వారమువారము సలహా చెప్పు మనుష్యుని తోడు కలదు.

అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము మనకు తెలిసినదే గదా. కర్కోటకుని విషము నలునిలోని కలిని బాధించెనేగాని వెడలగొట్టలేదు. ఋతుపర్ణుడు అక్షహృదయము నుపదేశించిన పిదపనే కలి వెలికి వచ్చెను. జూదమైనను పొగయైనను వ్యసనమునకు మార్గమొక్కటియే: విషము తోడ్పడవచ్చును, విడిపించుటకు ఉపదేశము కావలయును.

మన దేశములో ఈ సాధనమును చేయుట, దిగుమతి చేయుట, అమ్ముట, ప్రకటించుట 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుచేతను, పిమ్మట డిసెంబరులో చట్టముచేతను నిషేధింపబడినవి. పిల్లలు దీనికి మరుగుదురను భయమే అందులకు ముఖ్యకారణము. కావున చాటుగా తెప్పించుట తగదు. పైగా ఆ పరీక్ష సిగరెట్లవారిని గూర్చినది. మనవారు త్రాగునది బీడీ.

అయినను నిరాశ వలదు. శ్రీకాకుళము ప్రాంతమున చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ యాచారము స్త్రీలలో నుండెడిది. దానివలన అంగిట క్యాన్సరు పుట్టుచుండెడిది. ఆ ప్రాంతమునను, ఎర్ణాకుళము, భావనగరము ప్రాంతములందును 36,000 మందికి పైగా పొగాకు వాడు గ్రామస్థులను పరిశోధకులు ఇంటింటికి పోయి పరీక్షించి, మానుడని బోధించిరి. 1986లో ప్రకటింపబడిన ఫలితమును బట్టి, బోధవలన మానినవారు హెచ్చిరి. నోటిలో క్యాన్సరుకు దారితీయు మచ్చలు తగ్గినవి. అచ్చట పనిచేసినది యంత్రము గాదు, మాట.

ఆ మాట మనకును అందుబాటులో నున్నది. 1800-11-2356 అను సంఖ్యకు వెలలేకుండ ఫోను చేసిన, పొగాకు మానుటకు సలహా చెప్పుదురు. ఈ సంఖ్యను పొగాకు కట్టలమీద అచ్చు వేయవలెనని 2018 నుండి నియమము కలదు. ఇంటివారి జేబులోని బీడీకట్టమీద వెదకుడు. నికొటిన్ నమలు బిళ్లలను వైద్యునడిగి వాడవచ్చును. వానిని తాంబూలమువలె ఎడతెగక నమలరాదు. కొంచెము నమిలి, ఘాటు తోచగానే బుగ్గన నుంచుకొనవలయును.

ఇంటిలో మనము చేయదగినదియు కలదు. పిల్లలయెదుట ఎత్తిపొడిచిన పురుషుడు మానడు, చాటుకు పోవును. ఆయనతో కలిసి ఒక దినము నిర్ణయించుకొనుడు. ఆనాటికి కట్టలను, అగ్గిపెట్టెను జేబునుండి తీయింపుడు. భోజనానంతరము, కాఫీ వేళ కోరిక హెచ్చుగా పుట్టును. అది కొన్ని నిమిషములలో తగ్గును. ఆ కాసేపు సోంపో, చల్లని నీళ్లో, ఒక మాటో అందింపుడు. మొదటి వారము కోపము, నిద్రలేమి సహజములు, ఓర్చుకొనుడు. నడుమ ఒకనాడు తప్పినచో ఓటమియని తలపక, మరునాడు తిరిగి మొదలుపెట్టింపుడు. పలుమారులు యత్నించి మానినవారే లోకమున పెక్కురు.