టూ టూ వద్దు, వన్ సెవెన్ సెవెన్ చాలు



"భాయ్‌జాన్, మావాడు ఎయిర్ రైఫిల్ కావాలని జిద్ పడుతున్నాడు. వన్ సెవెన్ సెవెన్ కొనాలా, టూ టూ కొనాలా? జర్మనీది లక్షల్లో చెబుతున్నారు, ఇక్కడిది వేలల్లోనే వస్తోంది. మీ మష్వరా ఏంటి?" ఈ సవాల్ ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. దాని వెనకే ఇంకోటి: "అసలు మన పిల్లల చేతికి బందూక్ ఎందుకు? లోగ్ క్యా కహేంగే?"

నా రాయ్ సాఫ్‌గా చెప్పేస్తాను. కొనండి. కానీ 0.177నే కొనండి, రేంజ్ కోసమే కొనండి, మధ్యరకం ధరలో కొనండి. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. 0.177 అంటే అంగుళంలో అంత భాగం, అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు. ఎయిర్ రైఫిల్‌లో 0.22 అంటే 5.5 మిల్లీమీటర్లు. చిన్నదాని ఛర్రా దాదాపు అర గ్రాము, పెద్దదానిది దగ్గర దగ్గర గ్రాము. బరువైన ఛర్రా దెబ్బ గట్టిగా తగులుతుంది, అందుకే టూ టూ పిట్టల్నీ చిన్న జంతువుల్నీ కొట్టేవాళ్ల పసంద్. చిన్న ఛర్రా అదే గాలి ఒత్తిడితో వేగంగా, తిన్నగా పోతుంది. ఒలింపిక్స్‌లో ఉన్న 10 మీటర్ల పోటీకి 4.5 మిల్లీమీటర్లే ఖాయిదా. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. అంటే పిల్లవాడు ఖేల్ కోసం అడుగుతుంటే టూ టూ మాటే రాకూడదు.

"ఖేల్ కాదు, ఊరికెళ్తే సరదాగా షికార్ చేసుకుంటాడు" అనేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ నాకు సఖ్త్ ఎతెరాజ్ ఉంది. అడవి జంతువుల్నీ పక్షుల్నీ వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జుర్మ్. దీన్ సంగతి చూసినా అంతే. ఛర్రా దెబ్బకే చచ్చిపోయి, జిబహ్ కాని పిట్ట హలాల్ కాదనే హనఫీ ఉలమాలో ఎక్కువమంది మాట. తినడానికి పనికిరాదు, చట్టం ఒప్పుకోదు. మరి ఆ జాన్ తీసింది దేనికి? ప్రాణమున్న దాన్ని నిషానాగా పెట్టుకుని కొట్టడాన్ని దైవప్రవక్త (స) ఖచ్చితంగా మనా చేశారు.

ఇంకో హదీసు ఎయిర్ గన్ చేతికిచ్చే ప్రతి తండ్రికీ గుర్తుండాలి. వేళ్లతో గులకరాళ్లు విసరడాన్ని ఆయన (స) వద్దన్నారు. దాంతో వేట చావదు, దుష్మన్‌కు దెబ్బా తగలదు, కానీ ఎవరి కన్నో పోతుంది, పన్నో విరుగుతుంది అన్నది దాని సారాంశం. మేడ మీద నుంచి సీసాలు కొడుతూ ఎయిర్ గన్ పేల్చే పిల్లవాడికి ఇంతకంటే దగ్గరి మిసాల్ ఏముంటుంది? అదే సమయంలో తీరందాజీని ఎంతో ప్రోత్సహించిందీ, నేర్చుకుని వదిలేయడాన్ని నాపసంద్ చేసిందీ ఆయనే (స). అంటే తప్పు గురి చూడటంలో లేదు, ఎక్కడ, దేనివైపు అన్నదాంట్లో ఉంది.

కానూన్ కూడా ఇదే దారి చూపిస్తోంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 0.177 దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా ఆ ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ కావాలి. దుకాణంవాడు "ఏం కాదు భాయ్, అందరూ తీసుకుంటున్నారు" అంటే నమ్మకండి. ఇరుక్కునేది వాడు కాదు. ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. బందూక్‌తో ఒక ఫోటో బయటపడితే మన పిల్లవాడి మీద పడే షక్ మిగతావాళ్ల మీద పడేదానికంటే పెద్దది, త్వరగా పోయేదీ కాదు. దీనికి ఇలాజ్ పిల్లల్ని ఇంట్లో దాచడం కాదు. బిల్లు, గుర్తింపు కాగితాలు, క్లబ్ సభ్యత్వం అన్నీ పక్కాగా ఉంచుకుని, పట్టపగలు రేంజ్‌కు తీసుకెళ్లడం. రైఫిల్ ఎప్పుడూ పెట్టెలోనే వెళ్లాలి, పెట్టెలోనే రావాలి. దాన్ని భుజాన వేసుకుని రీల్స్ పెట్టడం మాత్రం పూర్తిగా బంద్.

ఇక ఖర్చు సంగతి. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, అన్షుట్జ్ లాంటి జర్మన్ మ్యాచ్ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి. ఆ డబ్బు దేనికి? ప్రతిసారీ ఒకేలా పేలడానికి. 10 మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, అంటే పెన్సిల్ ములికి పెట్టిన గుర్తంత. 75 నిమిషాల్లో 60 సార్లు దాన్ని వెతుక్కోవాలి. ఆ స్థాయికి చేరినవాడికి ట్రిగ్గర్‌లో వెంట్రుకంత తేడా కూడా పాయింట్లు పోగొడుతుంది. కానీ మొదటి ఏడాది పిల్లవాడి చెయ్యి వణికే వణుకు రైఫిల్ లోపం కంటే చాలా పెద్దది. అప్పుడే లక్షలు పోయడం ఇస్రాఫ్. అందులోనూ సూద్ మీద ఖర్జ్ తెచ్చి కొనడం గురించి నేను వేరే చెప్పాలా?

అలాగని అన్నింటికంటే సస్తాది కొనడం కిఫాయత్ అనుకోకండి. నాసిరకం స్ప్రింగ్ రైఫిల్ పేలినప్పుడు ముందుకీ వెనక్కీ కుదుపుతుంది. బ్యారెల్ మడిచే చోట వదులవుతుంది, సేఫ్టీ మీద భరోసా ఉండదు. పిల్లవాడు తన తప్పేదో రైఫిల్ తప్పేదో తెలియక ఆరు నెలల్లో విసిగి మూలన పడేస్తాడు. అది కూడా ఇస్రాఫే.

అందుకే నా తర్తీబ్ ఇది. మొదటి కొన్ని నెలలు క్లబ్ రైఫిల్‌తోనే నేర్పించండి. షౌఖ్ నిలబడితే, సిలిండర్‌లో గాలి నింపుకునే మధ్యరకం దేశీ రైఫిల్ గానీ, మంచి సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ గానీ చూడండి. పాతది కొంటే సిలిండర్ గడువు తేదీ, సీళ్లు దొరికే చోటు ముందు కనుక్కోండి. దస్తా పొడవు, చెంప ఆనే చోటు సర్దుకునేలా ఉండాలి, పిల్లలు ఎదుగుతారు కదా. దుకాణంవాడు టెలిస్కోప్ అంటగడితే వద్దనండి, ఈ పోటీలో దానికి ఇజాజత్ లేదు. మిగిలిన పైసా ఉస్తాద్ ఫీజుకూ, మంచి ఛర్రాలకూ, జాకెట్‌కూ పెట్టండి. ఛర్రాలు సీసంతో చేసినవి. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టనివ్వకండి.

చివరిగా బేటీల మాట. ఈ పోటీలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ అవే 60 గురులు. మెడ నుంచి మడమ దాకా కప్పే మందపాటి జాకెట్, ప్యాంటు వేసుకునే ఖేల్ ఇది. లిబాస్ పేరు చెప్పి అడ్డుపడటానికి ఇక్కడ బహానా కూడా లేదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఆ పేరు చెప్పుకోని మన ఇల్లు లేదు. రేపు అలాంటి పేరు మీ ఇంటి నుంచి రావచ్చు. బోరు 4.5, నియ్యత్ సాఫ్, కాగితాలు పక్కా. ఈ మూడూ ఉంటే లోగ్ ఏమన్నా అననివ్వండి.