కాళ్లు చూస్తాం, కాగితం చూడం

అధికారికంగా శ్రీ విజయపురం అయినా, జనం నోట ఇంకా పోర్ట్ బ్లెయిర్‌గానే ఉన్న పట్టణంలో డైరీ ఫార్మ్ ఒక పేట. మా అక్కగారి ఇల్లు అక్కడే. గత చలికాలంలో వెళ్లినప్పుడు ఒక రాత్రి ఒంటిగంటంబావు వేళ ముందుగదిలో వెలుగు కనిపించి లేచి చూశాను. పదో తరగతి చదువుతున్న మేనల్లుడు సెల్‌ఫోన్ శబ్దం పూర్తిగా తగ్గించి, ఇటలీలో ఏసీ మిలాన్ ఆడుతున్న మ్యాచ్ చూస్తున్నాడు. వాడి అభిమాన ఆటగాడు క్రిస్టియన్ పులిసిక్. పక్కన ఒక నోటుపుస్తకం. ఐరోపా క్లబ్బుల్లో ఆడుతున్న అమెరికన్ల పేర్లు, ఎవరు ఏ క్లబ్బు, ఏ వారం ఎన్ని నిమిషాలు ఆడారు, ఎన్ని గోల్స్ చేశారు అన్నీ అందులో గళ్లు గీసి రాసుకున్నాడు. మన పార్లమెంటు సభ్యుల హాజరు పట్టికను కూడా నేను అంత శ్రద్ధగా ఎన్నడూ రాసుకోలేదు.

కోప్పడతాననుకున్నాడేమో, మాట మార్చడానికన్నట్టు ఒక ప్రశ్న వేశాడు. “మామయ్యా, బలోగన్ పెరిగింది లండన్‌లోనట. ఇంగ్లండ్ కుర్రాళ్ల జట్టుకు కూడా ఆడాడట. మరి అమెరికావాడు ఎలా అయ్యాడు?”

ఏళ్ల తరబడి ఢిల్లీ రాజకీయాలు రాస్తున్న నాకు ఫుట్‌బాల్ తెలిసింది తక్కువ. అయితే వాడు అడిగింది ఫుట్‌బాల్ ప్రశ్న కాదు. పౌరసత్వపు ప్రశ్న. ఆ నోటుపుస్తకంలోని పేర్లను ఆ దృష్టితో ఒక్కొక్కటే పరిశీలిస్తే, ఆటగాళ్ల కాళ్లను మాత్రమే చూసే మనం వారి చేతిలోని కాగితాన్ని ఎంతగా విస్మరిస్తున్నామో బోధపడింది.

పులిసిక్‌తోనే మొదలుపెడదాం. పుట్టింది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ పట్టణంలో. పదహారేళ్ల ప్రాయంలో జర్మనీ క్లబ్బు బొరుస్సియా డార్ట్‌మండ్‌లో చేరాడు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బుకు మార్చరాదన్నది ఫిఫా నియమం. దానికున్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, ఐరోపా సమాఖ్య లోపల పదహారేళ్లు దాటినవారికి వర్తించేది. పులిసిక్ తాత క్రొయేషియాకు చెందిన ఓలిబ్ అనే చిన్న దీవిలో పుట్టినవాడు. ఆ తాత పుణ్యమా అని మనవడికి క్రొయేషియా పాస్‌పోర్టు దక్కింది. తోటి అమెరికన్ బాలురు పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎదురుచూడవలసి ఉండగా, ఇతడు రెండేళ్లు ముందుగా ఐరోపా గడప దాటాడు. 2019లో చెల్సీ అతని కోసం 6.4 కోట్ల యూరోలు చెల్లించింది. 2021లో ఆ క్లబ్బుతో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. ప్రతిభ లేదని ఎవరంటారు? కానీ ఆ ప్రతిభకు సకాలంలో తలుపు తీసినది తాతగారి కాగితం.

ఇక బలోగన్. తల్లిదండ్రులు నైజీరియా మూలాలవారు, నివాసం లండన్. వారు అమెరికా వెళ్లిన సమయంలో 2001లో బ్రూక్లిన్‌లో బిడ్డ పుట్టాడు. కొద్ది నెలలకే లండన్ చేరాడు. యూనస్ ముసా కథా అటువంటిదే. ఘనా మూలాల తల్లి న్యూయార్క్ వెళ్లినప్పుడు 2002లో పుట్టి, ఇటలీలోనూ ఇంగ్లండ్‌లోనూ పెరిగాడు. సెర్జినో డెస్ట్ నెదర్లాండ్స్‌లో, ఆంటొనీ రాబిన్సన్ ఇంగ్లండ్‌లో పుట్టినవారు. ఇద్దరికీ తండ్రుల ద్వారా అమెరికా పౌరసత్వం వచ్చింది. వెస్టన్ మెకెన్నీ తండ్రి అమెరికా వాయుసేన ఉద్యోగి కనుక, ఆ బాలుడు తొలిసారి బంతి తన్నినది జర్మనీలోని సైనిక స్థావరం పరిసరాల్లో. టిమ్ వియా తండ్రి జార్జ్ వియా లైబీరియా దేశానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. ఒక మహాసామ్రాజ్యపు సైనిక స్థావరాలు, వలసలు, విహారయాత్రలు, వివాహాలు అన్నీ కలిసి ఒక జట్టుగా మైదానంలో నిలబడ్డాయంటే అతిశయోక్తి కాదు.

ఈ జట్టులో సగం బలం పుట్టుకతో వచ్చే పౌరసత్వం అనే ఉదార సూత్రం నుంచి వచ్చింది. అమెరికా రాజ్యాంగ 14వ సవరణ దానికి మూలం. 2025 జనవరి 20న పదవీ ప్రమాణం చేసిన రోజునే అధ్యక్షుడు ట్రంప్ ఆ సూత్రాన్ని కుదించే ఉత్తర్వుపై సంతకం చేశారు. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో శాశ్వత నివాసియో కాకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదన్నది దాని సారాంశం. దిగువ న్యాయస్థానాలు అమలును నిలిపివేశాయి. అయితే ఆ నిబంధన 2001లోనే ఉండి ఉంటే బలోగన్, ముసా ఇద్దరూ అమెరికా చొక్కా తొడిగేవారే కాదు. వారి గోల్స్‌కు కేరింతలు కొట్టే జనంలోనే ఆ ఉత్తర్వుకు చప్పట్లు కొట్టేవారూ ఉంటారు. రాజకీయాల్లో ఇటువంటి వైరుధ్యాలు నాకు కొత్త కాదు.

ఇది పరాయి ఇంటి గొడవ అనుకునే వీలు తెలుగువారికి లేదు. ఏటా ఆమోదం పొందే హెచ్-1బీ వీసాల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. వారిలో తెలుగువారి వాటా ఎంతో మన ఊళ్లలో ప్రతి వీధికీ తెలుసు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లూ పూళ్లూ నిలబడిన ఆ దంపతులు చట్టం దృష్టిలో తాత్కాలికులే. వారి బిడ్డ అమెరికన్ అవునా కాదా అన్న ప్రశ్న, లండన్‌లో పెరిగిన బలోగన్ అమెరికన్ ఎలా అయ్యాడన్న ప్రశ్న, రెండూ ఒకటే. మా మేనల్లుడికి ఆ సంగతి తెలియదు. టెక్సాస్‌లో ఉన్న వాడి పెద్దమ్మ కూతురికి బాగా తెలుసు.

అమెరికాను తప్పుపట్టే ముందు మన గడపను చూసుకోవడం న్యాయం. 1987 జూన్ నెలాఖరు వరకు ఈ గడ్డపై పుట్టినవారు మనకూ పుట్టుకతోనే పౌరులు. ఆ తరువాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నాం. 2003 సవరణతో రెండోవారు అక్రమ వలసదారు కారాదన్నాం. మరో దేశపు పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించినవారికి ఇక్కడి పౌరసత్వం పోతుందని మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణం చెబుతోంది. కనుక భారతీయ మూలాలున్న విదేశీ ఆటగాడు మన జట్టులో చేరాలంటే తన పాస్‌పోర్టును వదులుకోవాలి. జపాన్ పౌరసత్వం విడిచి 2013లో భారత్‌కు ఆడిన అరాతా ఇజుమీ, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని 2025లో భారతీయుడైన రయాన్ విలియమ్స్ అటువంటివారు. తలుపు ఇంత ఇరుకైతే లోపలికి వచ్చేవారు వేళ్లమీద లెక్కించదగినంత మందే ఉంటారు.

బయటికి పోయే తలుపు సంగతీ అంతే. 2009లో సునీల్ ఛెత్రీకి లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరింది. బ్రిటన్ ప్రభుత్వం పని అనుమతి నిరాకరించింది. అతని ఆట బాగులేదని కాదు. ఫిఫా ర్యాంకుల్లో భారత్ తొలి 70 స్థానాల్లో లేదని. మంచి లీగుల్లో ఆడేవారుంటేనే జట్టు ర్యాంకు పెరుగుతుంది. ర్యాంకు పెరిగితేనే ఆ లీగుల్లోకి అనుమతి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత దీనికోసమే పుట్టిందేమో. ఫలితం కళ్లెదుటే ఉంది. 48 జట్లకు చోటున్న 2026 ప్రపంచకప్‌కు సైతం మనం అర్హత సాధించలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. విదేశీ పౌరసత్వం గల భారత సంతతి ఆటగాళ్లను అనుమతిస్తే చాలు, మన జట్టు బాగుపడుతుందని వాదించేవారు పెరుగుతున్నారు. చట్టంలో కొంత వెసులుబాటు ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ అమెరికా అనుభవంలో ఆ వాదనకు సగం సమాధానమే ఉంది. 2017 అక్టోబరులో ట్రినిడాడ్ అండ్ టొబాగో అనే చిన్న దీవుల దేశం చేతిలో ఓడి 2018 ప్రపంచకప్‌కు దూరమైన జట్టులో పులిసిక్ ఉన్నాడు. ఆ ఒక్క కాగితం జట్టును కాపాడలేదు. ఆ తరువాతి తరానికి బలమిచ్చినది దేశవాళీ క్లబ్బుల శిక్షణాలయాలు. మెకెన్నీ డాలస్ క్లబ్బు శిక్షణాలయం నుంచి, టైలర్ ఆడమ్స్ న్యూయార్క్ రెడ్ బుల్స్ శిక్షణాలయం నుంచి ఐరోపాకు వెళ్లినవారు. కాగితం తలుపు తీస్తుంది, నిజమే. తలుపు దాకా నడిపించవలసింది మైదానం.

మనకు ఆ మైదానం లేకపోలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ. నాలుగేళ్లు తిరగకముందే, 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. దానిపై మన శాసనసభల్లో కలవరం కలిగిన జాడ నాకు కనిపించలేదు.

ఇంతటి ఎండిన నేల నుంచి ఒక అమ్మాయి ఐరోపాకు వెళ్లింది. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గిరిజన యువతి. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి ఆమె చేరినది క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లోని డైనమో మహిళల క్లబ్బు. పులిసిక్‌కు తలుపు తీసిన దేశం ఏదో, సౌమ్య అడుగుపెట్టిన దేశమూ అదే. తేడా ఒక్కటే. ఆమెకు ఓలిబ్ దీవిలో పుట్టిన తాత లేడు. ఆమె చేతిలో ఉన్నది మనందరికీ ఉన్న పాస్‌పోర్టే.

అది ఎటువంటి సంవత్సరమో గుర్తు చేసుకోవాలి. 2022 ఆగస్టులో, బయటివారి జోక్యం పేరిట ఫిఫా మన సమాఖ్యను పదకొండు రోజులు సస్పెండ్ చేసింది. ఆసియా క్లబ్బుల పోటీకి తాష్కెంట్ చేరుకున్న గోకులం కేరళ మహిళా జట్టు బంతి తాకకుండానే వెనుదిరిగింది. ఢిల్లీలో పెద్దల పదవీ తగాదాకు శిక్ష అనుభవించినది ఆడపిల్లలు. ఆ రోజుల్లో నేను సమాఖ్య ఎన్నికల మీద, న్యాయస్థానం నియమించిన పాలకుల కమిటీ మీద పుంఖానుపుంఖంగా రాశాను. జాగ్రెబ్ వెళ్లిన సౌమ్య గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఈ నేరంలో నా వాటాను నేను కాదనను.

సౌమ్య తిరిగివచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2024-25 మహిళల లీగ్‌ను ఆ క్లబ్బు గెలిచింది. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా సమాఖ్య ఆమెనే ఎంపిక చేసింది. 2026 మహిళల ఆసియా కప్‌కు మన జట్టు అర్హత పోటీలు ఆడి గెలిచి వెళ్లింది. ఆ అర్హత పోటీల జట్టులో ఆమె ఉంది. పురుషుల జట్టు చేయలేని పనులను మహిళల జట్టు చేస్తున్నా, మన పత్రికల క్రీడల పుటలో వారి వార్తకు దక్కేది పుట అడుగున రెండు అంగుళాలు.

దూరదేశపు ఆటగాడిని ప్రేమించడం తప్పని నేననను. ప్రేమకు పాస్‌పోర్టు అక్కరలేదు. ఈ దీవుల్లో కార్ నికోబార్‌కు చెందిన ఒక సైక్లింగ్ క్రీడాకారుడి పేరే డేవిడ్ బెక్‌హామ్. ఆ పేరు పెట్టినవారి మురిపెం మనకు అర్థమవుతుంది. కానీ అదే దీవుల ఈసో ఆల్బన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో రజతం గెలిచిన సంగతి ప్రధాన భూభాగంలో ఎందరికి తెలుసు? ఎవరిని వెంబడించి చూస్తామన్నది కూడా రాజకీయమే. జనం చూసే చోటికే డబ్బు, కెమెరా, ప్రభుత్వం చేరుతాయి.

డైరీ ఫార్మ్ వంటి పేటలో ఈ మాట సులువుగానే అర్థమవుతుంది. లోక్‌సభలో ఒకే స్థానం, శాసనసభ లేని ప్రాంతం ఇది. 2011 జనగణన ప్రకారం జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారు. ఓడ టికెట్టుకు ద్వీపవాసి కార్డు ఉన్నవారికి ఒక ధర, లేనివారికి మరో ధర. 1942కు ముందు వచ్చినవారి సంతతికి ప్రభుత్వ లెక్కల్లో వేరే గుర్తింపు. మనిషి ఎక్కడివాడో కాగితమే చెబుతుందని ఇక్కడి పిల్లలకు బడికి వెళ్లకముందే తెలుస్తుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా ఇంటర్నెట్ కూడా ఉపగ్రహాల దయాధర్మమే. ఆ తీగ మిలాన్‌ను మా అక్కగారి ముందుగదిలోకి తెచ్చింది. నిజామాబాద్ తండాను ఇంకా తేలేదు.

మర్నాడు ఉదయం టీ తాగుతూ మేనల్లుడికి ఇదంతా నాకు తెలిసినట్టు చెప్పాను. పులిసిక్ తాత కథకు వాడు ఆశ్చర్యపోయాడు. సౌమ్య కథకు నోటుపుస్తకం తెచ్చుకున్నాడు. ఆమె పేరు రాసుకుని, ఎదుట గడిలో క్లబ్బు రాసుకుని, “ఆమె మ్యాచ్‌లు ఎక్కడ చూపిస్తారు మామయ్యా, ఎన్ని గంటలకు?” అని అడిగాడు.

జవాబు నా దగ్గర లేదు. కనుక్కుని చెబుతానన్నాను.