ముక్కాలి బరువు

కెమెరా స్టాండు కొనాలనుకునే ఆడదానికి ఈ లోకంలో సలహాల కరువు లేదు. "మీకు స్టాండెందుకండీ, ఫోన్లో తీసుకుంటే పోలా?" అంటారొకరు. "అన్నిట్లోకీ తేలికైనదేదో చూసి తీసుకోండి, మీరు మోయలేరు" అంటారు ఇంకొకరు. "మీవారున్నారుగా, ఆయన తీస్తారు లెండి" అని మూడోవారు సెలవిస్తారు. వినడానికి వేరు వేరు మాటల్లా ఉన్నా మూడింటి సారం ఒక్కటే. నీ పనికి ఇంత సరంజామా అక్కర్లేదని! ఈ సారంతోనే నా పేచీ.

సంగతేమిటంటే, గోదావరి వెంట త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా మూడు నెలలు తిరిగి రావాలని నా సంకల్పం. రాయబోయే నవలకి ఆ నది కావాలి. కందకుర్తి, బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, రాజమండ్రి... బస్సుల్లో, రైళ్ళలో, వీలైన చోట నడిచీ. నది అందమంతా తెల్లవారుజామునా, చీకటి పడే వేళా ఉంటుంది. ఆ వేళ వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా కన్ను అర సెకనో, రెండు సెకన్లో తెరుచుకుని ఉండాలి. అంతసేపు కదలకుండా ఉండడం ఏ చేతికి సాధ్యం? ఊపిరి తీసుకుంటామా, మానేస్తామా? అందుకని స్టాండు కావాలి. ఇందులో విలాసం ఏమీ లేదు.

కోఠీలో ఒక కొట్టుకి వెళ్ళాను. అక్కడి అబ్బాయి ఒక స్టాండుని చిటికెన వేలికి తగిలించి, "లేడీస్‌కి ఇదే బెస్టు మేడమ్, ముప్పావు కిలో కూడా లేదు" అన్నాడు. కాళ్ళు పూర్తిగా లాగించి, పైన నా కెమెరా బిగించి, వేలితో నెమ్మదిగా తట్టాను. చలిజ్వరం వచ్చినట్టు వణికింది. "ఇదేమిటి నాయనా?" అంటే, "తేలికది కదండీ మరి" అన్నాడు.

చీర తేలికైతే సుఖం. గొలుసు తేలికైతే ఖర్చు కలిసొస్తుంది. కానీ కదలకుండా నిలబడడం తప్ప మరో ఉద్యోగం లేని వస్తువు ఆ ఒక్క ఉద్యోగమూ చెయ్యకపోతే, దాని తేలిక ఎవరికి కావాలండీ? ముప్పావు కిలో అయినా అది దండగ బరువే. పైగా మూడు నెలలు మోసే దండగ!

ముక్కాలి తెలివి మనకి కొత్తదేం కాదు. మన అమ్మమ్మలు పొయ్యికి మూడు రాళ్ళే ఎందుకు పెట్టారు? నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళూ ఆనతాయి. కింద అట్టముక్క మడిచి పెట్టాల్సి వచ్చేది నాలుగు కాళ్ళ బల్లకే. మా హబ్సిగూడలో 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. భూమిని కొలిచేవాళ్ళ పరికరాలకి కూడా కింద మూడు కాళ్ళే. పొయ్యి దగ్గర మూడు రాళ్ళు కుదురుగా సర్దడం తెలిసిన చేతికి ముక్కాలి ఎంచుకోవడం చేతకాదంటే నేనొప్పుకోను.

ఎంపికలో చూడవలసినవి నాలుగైదే. మొదటిది, మధ్యలో పైకి లేచే కర్ర. దాన్ని పూర్తిగా లేపితే మూడు కాళ్ళ మీద ఒంటికాలిని నిలబెట్టినట్టే. అది లేపకుండానే కెమెరా మన గడ్డం దాకా రావాలి. రెండోది, కాళ్ళ మడతలు. అయిదు మడతలైతే సంచీలో చిన్నగా ఇముడుతుంది గానీ చివరి మడత పెన్సిలంత సన్నమై ఊగుతుంది. నాలుగు మడతలవి చాలావరకు నయం. కాళ్ళు పైకి తిప్పి తలచుట్టూ మడిచే రకమైతే నలభై, నలభై అయిదు సెంటీమీటర్లలో సర్దుకుంటుంది. మూడోది, మధ్య కర్ర కింద కొక్కెం. గాలి వీచినప్పుడు చేతిసంచీ దానికి తగిలిస్తే స్టాండు బరువెక్కి కుదురుగా నిలుస్తుంది. ఆ బరువు ఎలాగూ మన భుజం మీద ఉన్నదే కదా! నాలుగోది, డబ్బా మీద రాసే 'ఇన్ని కిలోలు ఆపుతుంది' అనే అంకె. ఒక్కో కంపెనీ ఒక్కో తీరున కొలుస్తుంది కనక, మన కెమెరా బరువుకి రెండు మూడింతలు రాసి ఉన్నదే తీసుకోవాలి. ఇక కార్బన్ ఫైబర్‌ది అల్యూమినియం దానికన్నా నాలుగో వంతు దాకా తేలిక. ధర మాత్రం రెండింతలో, మూడింతలో. ఆ మిగిలే పావు, అరకిలోకి అంత పొయ్యాలా అన్నది ఎవరి పర్సు వారు చూసుకోవాలి.

ఇలా లెక్కేస్తే కిలోంపావుకీ కిలోన్నరకీ మధ్య తేలుతుంది. తేలగానే ఇంట్లో గగ్గోలు. "అమ్మో, అంత బరువే! ముందు అది తీసెయ్యి!"

అసలు విషయం ఇక్కడుంది. దూరప్రయాణానికి సర్దిన మన సంచీ ఒకసారి బోర్లించి చూడండి. ఆయన మందుల డబ్బా. "నీ దగ్గరుంటే భద్రం" అని ఇచ్చిన కాయితాల కట్ట. దారిలో చుట్టాలకి కానుకలు. రాజమండ్రిలో ఆడపడుచుకి రెండు కిలోల ఆవకాయ. గోదావరి జిల్లాకి హైదరాబాదు నుంచి ఆవకాయటండీ! వీటిలో దేనికీ బరువు ఉండదు. బరువల్లా ఆ సంచీ మోసే మనిషి తన కోసం పెట్టుకున్న ఒక్క వస్తువుకే ఉంటుంది. మన చీరలు తగ్గుతాయి, పుస్తకాలు తగ్గుతాయి, ఆఖరికి స్టాండు పోతుంది. ఆవకాయ మాత్రం అంగుళం కదలదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి బయల్దేరి పదిహేను నెలలు కాశీయాత్ర చేశారు. ఆ పుస్తకమంటే నాకెంతో ఇష్టం. కానీ ఆయనకి పల్లకీ ఉంది, బోయీలున్నారు, పరివారముంది. మోసేవాళ్ళు వేరే ఉన్నప్పుడు ఏది తీసెయ్యాలన్న ప్రశ్న రాదు. మనం మోసుకునేది మన భుజం మీదే. ఏది ఉంచాలో చెప్పే హక్కూ ఆ భుజానిదే కావాలి.

ఆడవాళ్ళకి ఈ సరంజామా కొత్తేమో అనుకుంటున్నారా? లాలా దీన్ దయాళ్ 1892లోనే మన హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది శ్రీమతి కెన్నీ లెవిక్ అనే దొరసాని. ఆనాటి కెమెరాలు, వాటిని నిలబెట్టే కొయ్య స్టాండ్లు ఎంతేసి ఉండేవో పాత ఫొటోల్లో చూడండి. ఆవిడతో "తేలికైనది చూసుకో తల్లీ" అని ఎవరైనా అన్నారో లేదో గానీ, పని మాత్రం జరిగింది.

తేలిక వద్దని నా వాదన కాదు సుమండీ. ఫోనుతోనే తీసుకునేవారికి చిన్న స్టాండు చక్కగా సరిపోతుంది. ఫోను బరువెంతని! నడుంనొప్పి ఉన్నవారు బరువు చూసుకోవలసిందే. పట్టపగలు ఫొటోలకి అసలు స్టాండే అక్కర్లేదు. గోల్కొండ, వేయిస్తంభాల గుడి వంటి పురావస్తుశాఖ కట్టడాల్లో స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అక్కడ ఏ పిట్టగోడో ఆసరా. కానీ ఇవన్నీ పనిని బట్టి, ఒంటిని బట్టి చేసే లెక్కలు. 'లేడీస్‌కి ఇది చాలు' అన్నది లెక్క కాదు, తీర్పు.

కొనేముందు ఎవరిదైనా ఎరువు తెచ్చుకుని మోసి చూడండి. పక్కింటివారి స్టాండు సంచీలో వేసుకుని వారం రోజులు పొద్దున్నే హబ్సిగూడ నుంచి తార్నాక మీదుగా ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచాను. 1939లో ప్రారంభమైన ఆ గులాబీరంగు రాతి మేడ ముందు పెళ్ళికి ముందటి ఫొటోల కోసం కుర్రాళ్ళు పెద్ద పెద్ద స్టాండ్లు దింపుతుంటారు. వాళ్ళనెవరూ ఏమీ అడగలేదు. నన్ను మాత్రం వారంలో నలుగురు అడిగారు, "ఎవరి కోసమమ్మా తీస్తున్నారు?" అని. నా కోసమేనంటే నమ్మలేదు.

మన ఆల్బములు తిరగేస్తే ఎందుకు నమ్మలేదో తెలుస్తుంది. తిరుపతిలో పిల్లలు, ఊటీలో పిల్లలూ ఆయనా. అమ్మ ఎక్కడ? సామాను దగ్గర! స్టాండుకీ కెమెరాకీ కలిసి పది సెకన్ల వ్యవధి ఇచ్చే గుణముంది. బొత్తాం నొక్కి, నడిచి వెళ్ళి, మన బొమ్మలో మనం నిలబడవచ్చు. ఎవర్నీ బతిమాలనక్కర్లేదు.

కనక అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! ఈసారి ప్రయాణానికి సంచీ బరువైతే తగ్గించండి, తప్పకుండా తగ్గించండి. ఆవకాయతో మొదలుపెట్టండి.